నేస్తున్నది

బరంపురం, బడాబజారు వెనక సందు.
కింద పురంధర పాత్రో గారి పట్టుచీరల కొట్టు,
పైన రేకుల గదిలో నేనూ, నా లాప్‌టాపూ,
ఎనిమిదేళ్ళ చీరల ఫోటోలూ.
కరెంటు పోతే గోపాలపూర్ గాలే దిక్కు.

'ఉన్న వెబ్‌సైటు ఉండగా
ఇంకోదాన్లోకి ఎందుకమ్మా ఈ మోత?'
ఆయన తమ్ముడు మెట్ల మీద నించునే అడిగాడు.
ఏటి చెప్పను?
ఏడాదికేడాది అద్దె పెంచుతున్నారన్నాను.
ఫోన్లో తెరిస్తే చీర కొంగు దాకా వచ్చి
ఆగిపోతోందన్నాను.
ఒడియా అక్షరాలు గొడుగులేసుకుని బాగానే నిలబడుతున్నాయి,
మన వత్తులే, బొడ్లోంచి జారిన కుచ్చెళ్ళలా
పక్కకి పడిపోతున్నాయన్నాను.
'పట్టు' కాస్తా 'పట్‌టు' అయితే ఎవరు కొంటారు?

లెక్కల మనిషి.
అద్దె మాట దగ్గరే నమ్మేశాడు,
తక్కినవి వినలేదు.

అసలు సంగతి పాత్రో గారు చెప్పారు,
టీ మీద మీగడ కట్టాక.

పాతది కట్టినవాడు సుభ్రాంశు.
తాళం అతని దగ్గరే.
సంబల్పూర్‌లో బ్యాంకు ఉద్యోగం.
ఎప్పుడు ఫోన్ చేసినా మర్యాదే:
'ఈ ఆదివారం చూస్తా, ఆజ్ఞా.'
అలాంటి ఆదివారాలు పద్నాలుగు గడిచాయి.

నూట పద్దెనిమిదో చీర.
వంకాయ రంగు, కుంభం అంచు.
కింద ఒక వరుస:
'నేస్తున్నది: కోట సన్యాసమ్మ. మీకు నచ్చిన రంగులో.'

సన్యాసమ్మ ఫాల్గుణంలో పోయింది.
మగ్గం గుంట మీద పలక పరిచి
కోడలు మిక్సీ పెట్టుకుంది.
తెర మీద మాత్రం ఆవిడ నేస్తూనే ఉంది,
రాత్రి రెండింటికి ఎవరు తెరిచినా సరే.

నాసిక్ నుంచి ఒకావిడ
కూతురి పెళ్ళికి మూడు కావాలంది,
ఆ చేతివే కావాలంది,
డబ్బు కూడా కట్టేసింది.
డబ్బు తిరిగి పంపడానికి పూట పట్టింది,
ఎందుకో రాయడానికి మూడు రోజులు.

'ఒక్క మాటమ్మా,
నా కొట్టులో ఒక్క మాట మార్చుకోడానికి
ఇంకొకరి గుమ్మం కాడ నించోవాలా నేను?'

ఇదీ కారణం.
బిల్లులో రాయడానికి గడి లేదు దీనికి.

పందొమ్మిది రోజులు మోశాను.
ముప్పై రెండు చీరలు దారి తప్పి
దుప్పట్ల వరుసలోకి వెళ్ళిపోతే వెతికి తెచ్చాను.
ధరల్లో ఒక సున్నా రాలిపోయి
ఒక పూటంతా పట్టుచీర తువ్వాలు ఖరీదుకి కూచుంది.
పాత చిరునామాలన్నిటికీ
కొత్త దారి ఒక్కొక్కటే రాసిపెట్టాను:
ఎవరో ఎప్పుడో దాచుకున్న లింకు నొక్కితే
ఆ చీర ముందుకే రావాలి,
'దొరకలేదు' అనే తెల్లగోడ ముందుకి కాదు.

ఆఖరి రోజు కుర్చీ ఆయనకిచ్చాను.
కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని
వెతుక్కుంటూ, ఒక్క వేలితో,
ఒకప్పుడు నాడె విసిరిన చేతి వేలితో
నూట పద్దెనిమిది దగ్గరికి వెళ్ళారు.

'పేరు తీసెయ్యమంటారా?' అన్నాను.
'పేరెందుకు తీస్తావు?'

'స్తున్న' చెరిపారు.
కాసేపు ఆ ఖాళీలో
గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.
తర్వాత 'సిన'.

నేసినది: కోట సన్యాసమ్మ.

రంగు మాట కూడా చెరిపి
భద్రపరచు నొక్కారు.
సుభ్రాంశుని అడగలేదు, నన్నూ అడగలేదు.
వేలు మాత్రం మీట మీంచి తియ్యలేదు,
ఇంకా ఏదో మిగిలిందన్నట్టు.

కింద నుంచి తమ్ముడి కేక:
'అద్దె ఎంత తగ్గిందమ్మా?'

'ఈ ఏడు తగ్గదండీ' అన్నాను.